డానాంగ్‌లో ఇంగ్లీష్ టీచర్‌గా చేరాలంటే: కాగితాల నుంచి తొలి క్లాసు దాకా

వియత్నాంలో సముద్రం ఒడ్డున ఉన్న డానాంగ్‌కి ఇంగ్లీష్ చెప్పడానికి వెళ్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది జీతం ఎంతని, ఆ తర్వాత టికెట్ ఎప్పుడు కొనాలని. ఈ రెండింటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ దగ్గరున్న కాగితాలతో మీ పేరు మీద వర్క్ పర్మిట్ వస్తుందా, రాదా? అది తేలకుండా ఎక్కిన విమానం ఖరీదైన విహారయాత్రగానే మిగులుతుంది.

కింది అంశాలను ఇచ్చిన వరుసలోనే పూర్తి చేయండి. వరుస తప్పితే ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టాల్సి వస్తుంది.

## 1. అర్హత ఉందో లేదో చూసుకోండి

భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లను వియత్నాం అధికారులు నేటివ్ స్పీకర్లుగా (ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్లుగా) లెక్కించరు. మీరు ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివినా అంతే. దీని మీద వాదించి లాభం లేదు. నాన్-నేటివ్ టీచర్లకు ఉన్న దారుల్లో మీకు ఏది సరిపోతుందో చూసుకోండి. ప్రైవేటు లాంగ్వేజ్ సెంటర్లకు సంబంధించి 2018లో ఆ దేశ విద్యాశాఖ ఇచ్చిన నిబంధనల ప్రకారం మూడు దారులున్నాయి:

- ఇంగ్లీష్ బోధనలోనే డిగ్రీ లేదా కాలేజీ స్థాయి డిప్లొమా
- ఇంగ్లీష్‌లో డిగ్రీ, దాంతోపాటు బోధనా సర్టిఫికెట్
- ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ, బోధనా సర్టిఫికెట్, వీటికి తోడు సి1 స్థాయి (యూరప్ భాషా కొలమానంలో పైనుంచి రెండో మెట్టు) ఇంగ్లీష్ పరీక్ష ఫలితం

బీటెక్, బీకాం చదివినవాళ్లందరిదీ మూడో దారే. ఐఈఎల్‌టీఎస్‌లో 7.0 వస్తే సి1 స్థాయి మొదలైనట్టు. 6.5 దగ్గర ఆగిపోతే మళ్లీ రాయండి. "6.5 చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అనే ఏజెంట్ మాట నమ్మకండి.

బోధనా సర్టిఫికెట్ అంటే టెఫెల్, టెసోల్, సెల్టా లాంటివి. టెఫెల్ అయితే 120 గంటలది తీసుకోండి. సెల్టాలో కనీసం ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ముందు పాఠం చెప్పాలి, పరిశీలకులు వెనక కూర్చుని చూస్తారు. ఖర్చు ఎక్కువే. కానీ ఇంతకుముందు ఎప్పుడూ క్లాసులో నిలబడనివాళ్లకు ఆ ఆరు గంటలే నిజమైన చదువు. ఆన్‌లైన్ కోర్సు ఎంచుకుంటే డబ్బు కట్టకముందే ఒక్క మాట అడగండి: ఆ సర్టిఫికెట్‌ను నోటరీ చేయించి లీగలైజ్ చేయించడం, అంటే వియత్నాం ఎంబసీ ముద్ర వేయించడం, కుదురుతుందా? కుదరకపోతే పర్మిట్ ఫైల్లో అది పనికిరాదు.

## 2. కాగితాల్లో పేరు కలవాలి

తెలుగువాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. డిగ్రీ మీద "కె. రమేష్ బాబు" అని ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా విడిపోయి ఒక గడిలో, మిగతా పేరు ఇంకో గడిలో ఉంటుంది. ఐఈఎల్‌టీఎస్ స్కోరు కార్డు మీద వరుస తిరగబడి ఉంటుంది. మనకు అవన్నీ ఒకే మనిషి పేర్లు. ఫైలు చూసే అధికారికి మాత్రం ముగ్గురు మనుషులు కనిపిస్తారు.

పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరునే ప్రమాణంగా పెట్టుకోండి. ఇకపై రాసే పరీక్ష, చేసే కోర్సు, నింపే ఫారం అన్నింట్లో అక్షరం పొల్లుపోకుండా అదే పేరు ఇవ్వండి. పాత డిగ్రీలో ఇనీషియల్ ఉంటే, ఇద్దరూ ఒక్కరేనని నోటరీ అఫిడవిట్ చేయించండి. దాన్ని కూడా డిగ్రీతో పాటే లీగలైజ్ చేయించండి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, మిగతా పనులు మొదలుపెట్టకముందే దాన్ని సరిచేయించుకోవడం మేలు.

ఫైల్లో ఉండాల్సినవి:

- ప్రయాణ తేదీ నాటికి తగినంత గడువున్న పాస్‌పోర్ట్
- డిగ్రీ ఒరిజినల్
- బోధనా సర్టిఫికెట్
- పైన చెప్పిన మూడో దారిలో వెళ్లేవాళ్లకు ఇంగ్లీష్ పరీక్ష ఫలితం
- పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్
- హెల్త్ సర్టిఫికెట్ (వియత్నాంలో గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చేయించుకోవచ్చు)
- తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఫొటోలు
- ఇంతకుముందు టీచర్‌గా చేసి ఉంటే అనుభవ పత్రం

## 3. గడువు లేనివి ముందు, గడువున్నవి చివర

విదేశంలో ఇచ్చిన పత్రం వియత్నాంలో చెల్లాలంటే, అది ఇచ్చిన దేశ విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన వియత్నాం ఎంబసీ లేదా కాన్సులేట్ చేసే లీగలైజేషన్, చివరగా వియత్నామీస్‌లోకి ధ్రువీకరించిన అనువాదం ఉండాలి. అనువాదం అక్కడికి వెళ్లాక చేయించుకోవచ్చు. ముద్రలు మాత్రం బయల్దేరకముందే పూర్తవ్వాలి. అక్కడ కూర్చుని ఒరిజినల్ డిగ్రీని కొరియర్‌లో వెనక్కి పంపి, అది తిరిగొచ్చేదాకా పడే టెన్షన్ ఎవరికీ వద్దు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. డిగ్రీకి గడువు ఉండదు కాబట్టి దాని ముద్రలు ముందు వేయించండి. తర్వాత బోధనా సర్టిఫికెట్. పోలీసు క్లియరెన్స్ మాత్రం పర్మిట్‌కు దరఖాస్తు చేసే రోజుకు ఆరు నెలల లోపుదై ఉండాలి. అందుకే దాన్ని ఉద్యోగం దాదాపు ఖాయమయ్యాక తీసుకోండి. ఉత్సాహంగా మొదటి నెలలోనే తీసుకుంటే, ఉద్యోగం దొరికే సమయానికి దాని గడువు అయిపోతుంది. హెల్త్ సర్టిఫికెట్ 12 నెలలు చెల్లుతుంది.

విదేశీ ఉద్యోగుల నిబంధనలను 2025 ఆగస్టులో 219వ నంబర్ డిక్రీతో (ప్రభుత్వ ఉత్తర్వుతో) మార్చారు. అంతకుముందు వెళ్లొచ్చిన స్నేహితుల చెక్‌లిస్టు మీకు అచ్చంగా సరిపోకపోవచ్చు. మిమ్మల్ని తీసుకునే స్కూల్ హెచ్‌ఆర్‌తో "ఈ పత్రానికి ఏ ముద్ర కావాలి, అసలా, నకలా" అని ఒక్కో పత్రం గురించీ ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట లెక్కలోకి రాదు.

## 4. ఉద్యోగం ఎప్పుడు, ఎలా వెతకాలి

అక్కడ స్కూళ్లు సెప్టెంబర్ మొదట్లో తెరుచుకుని మే చివరిదాకా నడుస్తాయి. కాబట్టి జులై, ఆగస్టుల్లో ఖాళీలు ఎక్కువ. రెండో అదను చాంద్రమాన కొత్త సంవత్సరం టెట్ తర్వాత. అది జనవరి చివరి పది రోజుల నుంచి ఫిబ్రవరి మూడో వారం లోపు ఎప్పుడైనా వస్తుంది. టెట్‌కు ముందు వారాల్లో దరఖాస్తులు పంపి జవాబు రాలేదని బాధపడకండి. అప్పుడు ఊరంతా పండగ హడావిడిలో ఉంటుంది.

హోచిమిన్ సిటీ, హనోయ్‌లతో పోలిస్తే డానాంగ్ చిన్న మార్కెట్. పైగా సముద్రం కోసం ఇక్కడే ఉండాలనుకునే విదేశీ టీచర్లు ఎక్కువ. నా సలహా: మొదటి ఉద్యోగానికి డానాంగ్ ఒక్కటే అని పట్టుబట్టకండి. పెద్ద నగరంలో ఒక ఏడాది అనుభవంతో వచ్చే నాన్-నేటివ్ టీచర్‌ను ఇక్కడ వేరేగా చూస్తారు.

ఇక్కడి ఉద్యోగాల్లో ఎక్కువ భాగం లాంగ్వేజ్ సెంటర్లలో ఉంటాయి. పిల్లలు స్కూలు అయ్యాక వస్తారు కాబట్టి సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిది దాకా, శని ఆదివారాల్లో రోజంతా క్లాసులుంటాయి. వారాంతంలో బీచ్‌కి వెళ్దామనుకున్నవాళ్లు ఈ సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి. మీ సెలవు సోమవారమో మంగళవారమో వస్తుంది.

ఒప్పందం మీద సంతకం చేసేముందు ఇవి అడగండి:

- వారానికి కనీసం ఇన్ని గంటలు ఇస్తామని రాతలో ఉందా, లేక "దాదాపు" అని ఉందా?
- పాఠం తయారుచేసుకునే సమయానికి, పేపర్లు దిద్దినందుకు, మీటింగులకు డబ్బు ఉందా?
- టెట్ సెలవుల్లో జీతం వస్తుందా?
- చెప్పిన రేటు పన్నుకు ముందా, తర్వాతా?
- వర్క్ పర్మిట్ ఖర్చు ఎవరిది? మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలా?
- ఒప్పందం రెండు భాషల్లో ఉంటే, తేడా వచ్చినప్పుడు ఏ భాష ప్రతి చెల్లుతుంది?

గంట రేటు చూసి మురిసిపోకండి. ఉదాహరణకు గంటకు 3,00,000 డాంగ్‌ల (వియత్నాం కరెన్సీ) చొప్పున వారానికి 20 గంటలంటే నాలుగు వారాలకు 2.4 కోట్ల డాంగ్‌లు. ఏడాదిలో 183 రోజులకన్నా తక్కువ ఉంటే మిమ్మల్ని నాన్-రెసిడెంట్‌గా లెక్కేసి జీతం మీద 20 శాతం పన్ను పట్టుకుంటారు. అంటే చేతికొచ్చేది 1.92 కోట్లు. అదే గంటలు 14కు తగ్గితే? ఆ లెక్క మీరే వేసుకోండి. అప్పుడు "కనీస గంటలు" అనే మాట రేటు కన్నా ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. 183 రోజులు దాటితే 5 శాతం నుంచి మొదలయ్యే శ్లాబులు వర్తిస్తాయి.

## 5. డెమో క్లాసు

నాన్-నేటివ్ అభ్యర్థికి ఉద్యోగం తెచ్చిపెట్టేది రెజ్యూమె కాదు, డెమో. పది పదిహేను నిమిషాల్లో మీ ఉచ్చారణ మీద ఉన్న అనుమానం పోవాలి, పిల్లలు మీ మాట వింటారన్న నమ్మకం రావాలి.

ఎక్కువగా ఇచ్చేది కేంబ్రిడ్జ్ స్టార్టర్స్, మూవర్స్ (చిన్నపిల్లల కోసం ఉన్న తొలి రెండు ఇంగ్లీష్ పరీక్షలు) స్థాయి పాఠం. ఆహారం అనే అంశం వచ్చిందనుకోండి. ఆరు బొమ్మ కార్డులు చాలు. కార్డును ఒక్కసారిగా చూపించకండి. పుస్తకం వెనకనుంచి కొంచెం పైకి జరిపి, ఏమిటో ఊహించమనండి. పేరు వచ్చాక క్లాసంతా కలిసి మూడుసార్లు, తర్వాత ఒక వరుస, తర్వాత ఒక్కొక్కరు పలకాలి. ఆ తర్వాత "ఐ లైక్...", "ఐ డోంట్ లైక్..." వాక్యంలో ఆ మాటలు పెట్టించండి. చివర్లో ఇద్దరిద్దరిగా మాట్లాడుకునే ఆట.

ఆట మొదలుపెట్టేముందు "అర్థమైందా?" అని అడగకండి. అందరూ తలూపుతారు, ఎవరికీ అర్థమై ఉండదు. "మాట్లాడాలా, రాయాలా?", "ఒక్కరేనా, ఇద్దరా?" అని అడగండి. వెనక కూర్చున్న అకడమిక్ మేనేజర్ దీన్ని తప్పకుండా గమనిస్తారు. మీరు మాట్లాడే సమయం తగ్గి, పిల్లలు మాట్లాడే సమయం పెరగాలి. ఉపన్యాసం ఇచ్చారా, డెమో పోయినట్టే.

ఇక ఉచ్చారణ. తెలుగులో మాట అచ్చుతో ముగుస్తుంది. అందుకే తొందరలో 'బుక్' కాస్తా 'బుక్కు' అవుతుంది. వియత్నామీస్ పిల్లల ఇబ్బంది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వాళ్లు చివరి హల్లును మింగేస్తారు. 'లైక్' అన్నది 'లై' అని వినిపిస్తుంది, 'రైస్' అన్నది 'రై' అని. వాళ్లకు చివరి శబ్దం నేర్పించాల్సిన మీరు అక్కడ ఉకారం తగిలిస్తే అదే వాళ్లకు పాఠమైపోతుంది. డెమోకు వారం ముందునుంచి మీ గొంతు రికార్డు చేసి, మాటల చివర్లు మాత్రమే వినండి. 'వెస్ట్' అంటే పడమర, 'వెస్ట్' అంటే బనియన్. తెలుగులో రెండూ ఒకేలా రాస్తాం. ఇంగ్లీష్‌లో మొదటిదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, రెండోదానికి పైపళ్లు కింది పెదవిని తాకాలి. అద్దం ముందు ఈ తేడా పట్టుకోండి. అమెరికన్ యాస తెచ్చిపెట్టుకోవాల్సిన పనిలేదు, అది ఐదో నిమిషానికి జారిపోతుంది.

## 6. వీసా, వర్క్ పర్మిట్

2023 ఆగస్టు 15 నుంచి వియత్నాం ఇ-వీసా 90 రోజులకు ఇస్తున్నారు. ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లు ప్రవేశానికి 50 డాలర్లు ఫీజు. ప్రభుత్వ పోర్టల్‌లో మీరే నింపుకోవచ్చు. అచ్చు అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఎక్కువ వసూలు చేస్తాయి.

పర్యటన కోసం తీసుకున్న వీసాతో ఊరు చూడొచ్చు, ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చు. జీతానికి పాఠం చెప్పకూడదు. పర్మిట్ లేకుండా పనిచేస్తూ పట్టుబడితే 1.5 కోట్ల నుంచి 2.5 కోట్ల డాంగ్‌ల జరిమానా, పైగా దేశం నుంచి పంపించేస్తారు. "ముందు చేరండి, పర్మిట్ తర్వాత చూద్దాం" అనే స్కూల్ తన నష్టాన్ని మీ నెత్తిన పెడుతోందని అర్థం.

సరైన వరుస ఇది: ఆఫర్, స్కూల్ తరఫున పర్మిట్ దరఖాస్తు, పర్మిట్, ఉద్యోగ వీసా, ఆ తర్వాత తాత్కాలిక నివాస కార్డు. పర్మిట్ గరిష్ఠంగా రెండేళ్లకు ఇస్తారు, ఒకసారి పొడిగించుకోవచ్చు. వీసా రకం మారడానికి ఒక్కోసారి దేశం దాటి మళ్లీ రావాల్సి వస్తుంది. డానాంగ్‌లో ఉండేవాళ్లు అందుకు లావోస్ వైపున్న లావో బావో సరిహద్దుకు వెళ్తుంటారు. మీ పాస్‌పోర్ట్‌కు లావోస్ వీసా నియమం ఏమిటో బస్సెక్కకముందే చూసుకోండి.

## 7. తొలి రెండు వారాలు

విమానాశ్రయం ఊరి మధ్యకు చాలా దగ్గర. గ్రాబ్ యాప్‌లో కారు పిలుచుకుంటే బేరం గొడవ ఉండదు. జాలో యాప్ కూడా వేసుకోండి. ఇంటి ఓనరు, స్కూల్ స్టాఫ్ అందరూ అందులోనే మాట్లాడతారు.

డబ్బు ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. 20,000 నోటు, 5,00,000 నోటు రెండూ నీలం ఛాయలోనే ఉంటాయి. చీకట్లో, హడావిడిలో ఒకదానికి బదులు ఇంకోటి ఇచ్చేస్తే 25 రెట్లు చెల్లించినట్టు. పెద్ద నోట్లు పర్సులో విడి అరలో పెట్టుకోండి.

ఇల్లు. నెల అద్దెకు ముందు ఒక వారం ఎక్కడైనా దిగి, రోడ్డు మీద తిరిగి చూడండి. 'మీ ఖే' అనే బీచ్ వెనకున్న అన్ థూంగ్ వీధుల్లో విదేశీయులు ఎక్కువ, అద్దెలూ ఎక్కువే. హాన్ నది అవతల పాత ఊరి వైపు తక్కువ. మీ సెంటర్ ఏ ఒడ్డున ఉందో తెలిశాకే ఇల్లు చూడండి. ఇల్లు చూసేటప్పుడు:

- గోడల మూలలు, బీరువా వెనక బూజు ఉందేమో చూడండి
- కరెంటు యూనిట్‌కు ఎంతో అడగండి, ఓనర్లు సర్కారు రేటుకన్నా ఎక్కువ వేయడం మామూలే
- వాన పడితే వీధిలో నీళ్లు నిలుస్తాయా అని ఓనర్‌ను కాదు, పక్క కొట్టువాళ్లను అడగండి
- అడ్వాన్స్ ఏ షరతు మీద తిరిగొస్తుందో రాయించుకోండి

బూజు గురించి, నీళ్ల గురించి ఊరికే చెప్పడం లేదు. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా వానాకాలం, అక్టోబర్, నవంబర్ నెలల్లో కుండపోత, తుపాన్లు. 2022 అక్టోబర్‌లో నగరం వీధులే మునిగాయి. ఆగస్టులో దిగినవాళ్లకు ఇల్లు ముచ్చటగా కనిపిస్తుంది, రెండు నెలల తర్వాత బట్టలు ఆరవు.

పోలీసు నమోదు. మీరు దిగిన 12 గంటల్లోగా ఇంటి యజమాని మీ నివాసాన్ని స్థానిక పోలీసులకు తెలియజేయాలి. హోటల్ అయితే వాళ్లే చేస్తారు. అద్దె ఇంట్లో చేయించారా లేదా అని అడిగి, రుజువు ఫోన్లో దాచుకోండి. తర్వాత నివాస కార్డు పనిలో అడుగుతారు.

బండి. అక్కడ కుడివైపు నడపాలి. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన అంతర్జాతీయ పర్మిట్‌ను. 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చినది చెల్లదు. మీ పర్మిట్ అట్ట మీద ఏ సంవత్సరం రాసుందో చూడండి. చెల్లని లైసెన్సుతో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా చేతులెత్తేస్తుంది. మద్యం విషయంలో పరిమితి సున్నా. ఒక్క బీరు తాగినా గ్రాబ్ పిలవండి.

తిండి. శాకాహారులు 'చై' అని బోర్డున్న హోటళ్లు వెతుక్కోండి. అవి వీధివీధినా ఉంటాయి. మామూలు హోటల్లో మాంసం వద్దంటే తీసేస్తారు గానీ చేపల సాస్ మాత్రం కూరలో ఉంటుంది.

## 8. క్లాసులో నిలదొక్కుకోవడం

చాలా సెంటర్లలో మీతోపాటు ఒక వియత్నామీస్ టీచింగ్ అసిస్టెంట్ ఉంటారు. మొదటి క్లాసుకు ముందే వాళ్లతో పది నిమిషాలు కూర్చుని పాఠం ఎలా నడుపుతారో చెప్పండి, ఏ పిల్లాడు అల్లరి చేస్తాడో, ఎవరికి సిగ్గో అడగండి. తల్లిదండ్రులతో మాట్లాడేది వాళ్లే. అసిస్టెంట్‌ను అనువాదానికే వాడుకునే టీచర్‌కు రెండో నెల నుంచి కష్టాలు మొదలవుతాయి.

పిల్లలు బడిలో రోజంతా కూర్చుని వస్తారు. ఆరింటికి పుస్తకం తెరవమంటే బల్ల మీద తల పెట్టేస్తారు. మొదటి ఐదు నిమిషాలు నిలబడి ఆడే ఆట పెట్టండి.

ఎవరైనా తప్పు పలికితే నలుగురిలో నిలబెట్టి సరిచేయకండి. సరైన రూపాన్ని మీరు పలికి, క్లాసంతటితో పలికించండి. చివరి హల్లు కోసం ఒక చేతి సైగ అలవాటు చేయండి: 'స్' వచ్చినప్పుడు వేలితో గాల్లో పాములా గీయడం లాంటిది. రెండు వారాల్లో మీరు నోరు విప్పకుండానే వాళ్లు సరిదిద్దుకుంటారు.

## 9. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటికి మార్గాలు

"తల్లిదండ్రులు తెల్ల టీచర్‌ను అడుగుతున్నారు" అన్నారు. ఈ మాట అక్కడక్కడా వినాల్సి వస్తుంది. వాదించకండి, ఒక ట్రయల్ క్లాసు అడగండి. దానికీ ఒప్పుకోకపోతే ఆ సెంటర్‌ను వదిలేయండి, చేరినా గంటలు మీకు చివర్లోనే ఇస్తారు. పెద్దలకు ఐఈఎల్‌టీఎస్ చెప్పే క్లాసుల్లో స్కోరే మాట్లాడుతుంది కాబట్టి అటువైపు ప్రయత్నించండి.

పర్మిట్ "ప్రాసెస్‌లో ఉంది" అని నెలలు గడుస్తున్నాయి. దరఖాస్తు రసీదు కాపీ అడగండి. రసీదు లేదంటే దరఖాస్తు పెట్టలేదనే అనుకోండి. 90 రోజుల వీసాలో 60 రోజులు దాటేలోపు నిర్ణయం తీసుకోండి.

ఒరిజినల్ డిగ్రీ, పాస్‌పోర్ట్ స్కూల్ దగ్గరే ఉంచమంటున్నారు. పని కోసం కొన్ని రోజులు ఇవ్వాల్సి రావచ్చు. ఏ తేదీన ఇచ్చారో, ఎప్పుడు తిరిగిస్తారో రాయించుకుని సంతకం తీసుకోండి. పని అయ్యాక కూడా ఉంచుకుంటామంటే ఒప్పుకోకండి.

గంటలు తగ్గించేశారు. ఒప్పందంలో కనీస గంటల వాక్యం ఉంటే దాన్ని చూపించి ఈమెయిల్ రాయండి. లేకపోతే చేయగలిగింది తక్కువ. అందుకే 4వ అంశంలో మొదటి ప్రశ్న అది.

వేరే స్కూల్‌కు మారాలనుంది. మీ పర్మిట్ మీద పాత యజమాని పేరే ఉంటుంది, కొత్త స్కూల్ మీ కోసం మళ్లీ దరఖాస్తు చేయాలి. రాజీనామా ఇచ్చేముందే లీగలైజ్ చేసిన పత్రాలన్నీ మీ చేతికి తెచ్చుకోండి. పోలీసు క్లియరెన్స్ ఆరు నెలలు దాటిందేమో తేదీ చూసుకుని, దాటితే కొత్తదానికి వెంటనే దరఖాస్తు పెట్టండి.